ఒక్కరే బయట తొలి రాత్రి: అనంతగిరా, గండికోటా, వంజంగా?

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఒంటరిగా బయట పడుకునే మొదటి రాత్రికి చాలామంది ఫోటోలు చూసి చోటు ఎంచుకుంటారు, నేనూ అలాగే చేశాను. కానీ చూడాల్సింది వేరే ఉంది. అర్ధరాత్రి రెండింటికి భయమేసినా, కడుపు తిప్పినా, గాలివాన పట్టుకున్నా, ఎవరి సాయం లేకుండా, మీ బ్యాగు మీరే మోసుకుంటూ, టార్చి వెలుగులో గంటలోపు మనుషులున్న చోటికి రాగలరా? దీనికి అవునని ధైర్యంగా చెప్పగలిగితేనే అది మొదటి రాత్రికి పనికొచ్చే చోటు. టెంటు, పరుపు, తిండి, ఫోన్ అన్నిటినీ నేను ఇదే కొలతతో పోల్చి చెబుతాను, ఎందుకంటే మొదటిసారి మనకి కొత్తగా ఉండాల్సింది ఒంటరితనం ఒక్కటే, మిగతావన్నీ అలవాటైనవి అయితే ఆ ఒక్కదాన్ని తట్టుకోవచ్చు.

నా మొదటి రాత్రి గండికోటలో. డిసెంబరు నెల, వారం మధ్యలో రోజు. తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న టెంటు, అంతకుముందు దాన్ని ఒక్కసారైనా విప్పి చూడలేదు. లోయ అంచుకి బాగా ఇవతలే వేద్దామని చూస్తే మేకులు దిగవు, అక్కడ నేలంతా బండే. తాళ్లకి రాళ్లు కట్టి ఎలాగో నిలబెట్టాను. పన్నెండు దాటాక గాలి మొదలైంది, ఒక పక్క రాయి జారిపోయి టెంటు గుడ్డ వచ్చి ముఖానికి కొట్టడం, నేను లేచి సర్దడం, మళ్లీ అదే. ఒంటిగంటకి ఇక నా వల్ల కాదని అంతా చుట్టి బ్యాగులో కుక్కి, కోట లోపలే ఉన్న ఊరివైపు నడిచాను, పావుగంట పట్టింది. కుక్కల అరుపులకి ఒక ఇంట్లోంచి అవ్వ లేచి వచ్చి "ఎవురుమ్మా నువ్వు, ఒక్కదానివే వచ్చినావా?" అని అడిగి అరుగు మీద చాప పరిచింది. తెల్లారేదాకా హాయిగా పడుకున్నాను. అదే గాలి, అదే టెంటు, చుట్టూ అడవి మాత్రమే ఉండి ఉంటే ఆ రాత్రి ఎలా ఉండేదో ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను. ఆ తర్వాత చాలాసార్లు ఒక్కదాన్నే వెళ్లాను, చోటు ఎంచుకునే పద్ధతి మాత్రం ఆ రాత్రే మారిపోయింది.

ఏ చోటు ఎవరికి

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి మొదట గుర్తొచ్చేది అనంతగిరి కొండలు. నగరం నుంచి ఎనభై కిలోమీటర్ల దగ్గర, వికారాబాద్ జంక్షన్ దాకా రైలు, అక్కడి నుంచి ఆటో. అనంతపద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు, చుట్టూ అడవి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ అడవి అటవీ శాఖది, వీడియోలో ఎవరో చెట్ల మధ్య టెంటు వేశారని మనమూ వేయకూడదు. సరైన దారి ఏమిటంటే చుట్టుపక్కల పొలాల్లో, తోటల్లో నడుస్తున్న క్యాంపుల్లో ఒకదానికి ముందే ఫోన్ చేసి, "నా టెంటు నేనే తెచ్చుకుంటాను, చోటూ బాత్రూమూ ఉంటే చాలు" అని మాట్లాడుకోవడం. ఇక్కడ భయపడాల్సిన పని దాదాపు లేదు, పిలిస్తే పలికే దూరంలో మనుషులుంటారు. లోటు కూడా అదే, శని ఆదివారాల్లో పాటలు, పార్టీలు, అర్ధరాత్రి దాకా గోల, ఒంటరిగా ఉన్నామన్న మాటే మర్చిపోవాలి. అందుకే మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి వెళ్లండి. ఇంట్లో గట్టిగా అభ్యంతరం చెప్పే అమ్మాయిలకి, అసలు ఎప్పుడూ టెంటులో పడుకోనివాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

గండికోట దానికంటే ఒక మెట్టు పైన. కడప జిల్లా జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు, ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్నా పారే లోయ, దాని అంచున కోట, లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, వీటన్నిటితో పాటు మనుషులు కాపురముంటున్న ఊరు. టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, టెంట్లు అద్దెకిచ్చే స్థానికులున్నారు. పగలు జనం ఉంటారు, సాయంత్రానికి వారం మధ్యలో అయితే పలచబడిపోతారు, అప్పుడు కావాల్సినంత నిశ్శబ్దం దొరుకుతుంది, అయినా ఊరు పక్కనే. నా కొలతకి దీనంత బాగా సరిపోయే చోటు రెండు తెలుగు రాష్ట్రాల్లో నాకు తెలిసి తక్కువ. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకే వెళ్లండి, ఆ తర్వాత కడప ఎండలో ఆ బండ రాత్రి కూడా వేడి వదలదు. లోయ అంచుకి చాలాచోట్ల రెయిలింగ్ లేదు, కాబట్టి వెలుగుండగానే టెంటు వేసేయండి, అంచుకి కనీసం యాభై అడుగులు ఇవతల, రాత్రి బాత్రూముకి లేస్తే ఏ దిక్కుకి నడవాలో కూడా పగలే చూసిపెట్టుకోండి. గుళ్ల లోపల, మసీదు లోపల పడుకుందామనుకోవద్దు, అవి రక్షిత కట్టడాలు.

వంజంగి అందం గురించి నేను చెప్పక్కర్లేదు, పాడేరు దగ్గర తెల్లవారుజామున కాళ్ల కింద మేఘాలు సముద్రంలా పరుచుకుంటాయి, సూర్యుడు వాటి మీద లేస్తాడు. విశాఖ నుంచి పాడేరు దాదాపు వంద కిలోమీటర్ల ఘాట్ ప్రయాణం, పాడేరు నుంచి ఆటో గానీ జీపు గానీ, చివర నడక. నిజంగా ఎక్కడం అంటూ ఉన్న చోటు ఈ మూడింటిలో ఇదే, కాబట్టి బ్యాగు బరువు ఎంతో మీ భుజాలకి తెలిసేదీ ఇక్కడే. కానీ చలి గట్టిది, డిసెంబరు జనవరుల్లో ఆ మన్యం వైపు ఒక్క అంకె ఉష్ణోగ్రతలు మామూలే, మంచుకి టెంటు తడిసి ముద్దవుతుంది, వాన పడితే దారి జారుడుబండే. నా సలహా, పైన పడుకోవాలన్న పట్టుదల వద్దు. రాత్రి కింద ఊరి దగ్గర పడుకుని నాలుగింటికి లేచి ఎక్కండి, ఆ వేళకి ఎలాగూ పదిమంది ఎక్కుతూనే ఉంటారు. రెండో ట్రిప్పుకి ఇది పెట్టుకోండి.

ఇక నల్లమల. చాలామంది అబ్బాయిలు నేరుగా దీనితోనే మొదలుపెడదామంటారు, అడవంటే అదే కదా అని. వద్దు. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం రెండూ టైగర్ రిజర్వులు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం, రాత్రి పడుకోవడం మాట దేవుడెరుగు. శ్రీశైలం ఘాట్ రోడ్డునే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా మూసేస్తారు, జంతువులు దాటే వేళ అని. ఆ అడవి మీద నిజంగా ప్రేముంటే అహోబిలం వెళ్లండి. దిగువ అహోబిలంలో సత్రంలోనో లాడ్జిలోనో గది తీసుకుని, పూర్తి బరువున్న బ్యాగు వేసుకుని పొద్దున్నే ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దాకా నడిచి చీకటి పడకముందే వచ్చేయండి. బ్యాగు ఎక్కడ ఒరుసుకుంటోంది, బూటు ఎక్కడ కరుస్తోంది అన్నీ ఆ రాళ్ల దారిలో ఒక్కరోజులో తేలిపోతాయి.

హిమాలయాలు మొదటిసారికా అని అడిగేవాళ్లకి: ఢిల్లీలోనో చండీగఢ్‌లోనో ఉంటున్నవాళ్లయితే హిమాచల్‌లో మెక్లియోడ్‌గంజ్ పైనున్న ట్రయుండ్ గురించి ఆలోచించవచ్చు, సుమారు 2,850 మీటర్లు, దారి స్పష్టంగా ఉంటుంది, మధ్యలో టీ కొట్లుంటాయి. పైన రాత్రి ఉండనిస్తున్నారా లేదా అన్నది మాత్రం మారుతూ ఉంటుంది, బయల్దేరే వారంలోనే కనుక్కోండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అంత దూరం వెళ్లి, అన్ని డబ్బులు పెట్టాక, అర్ధరాత్రి భయమేసినా వెనక్కి రావడానికి మనసొప్పదు, ఆ మొండితనమే ప్రమాదం. ఉత్తరాఖండ్‌లో మంచులో ఎక్కే కేదారకంఠ శిఖరం లాంటివి ఒంటరిగా మొదటిసారి అస్సలు వద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి కూడా ఇదే కొలత, కారు ఆపిన చోటి నుంచి ఒకటి రెండు మైళ్లలో ఉన్న సైటు తీసుకోండి, పర్మిట్ ముందే తీసుకోండి, యోసెమిటీ లాంటి చోట తిండిని ఎలుగులకి అందని డబ్బాలోనే పెట్టాలన్నది నియమం. ఇంకో ముఖ్యమైన సంగతి, సెలవులకి ఇండియా వస్తూ అక్కడ వాడే శాటిలైట్ మెసెంజర్‌ని, అంటే ఫోన్ సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరాన్ని, ఇక్కడికి తేవద్దు. లైసెన్సు లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఆ తరహా పరికరాలు ఇక్కడ చట్టవిరుద్ధం, ఎయిర్‌పోర్టులోనే ఇరుక్కుంటారు.

టెంటా, హ్యామకా, ఒట్టి టార్పాలినా

బరువు తక్కువని కొందరు టార్పాలిన్ చాలంటారు. అనుభవమున్నవాళ్లకి బాగానే ఉంటుంది, కానీ మన నేల మీద మొదటి రాత్రికి నేను ఒప్పుకోను, కారణం కట్లపాము. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలోనే కరుస్తుంది, కాటు నొప్పి కూడా సరిగా తెలియదు, తెల్లారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలయ్యాక గానీ అర్థం కాదు. అడుగు కుట్టేసి ఉన్న టెంటులో జిప్పు పూర్తిగా వేసుకుంటే ఆ భయం దాదాపు పోతుంది. బూట్లు లోపలే పెట్టుకోండి, పొద్దున్న దులిపి తొడుక్కోండి. ఒకవేళ పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ వద్దు, కదలకుండా ఉండి 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేరడమే పని. ఆ మందు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో వెళ్లేముందే ఫోన్ చేసి అడిగి పెట్టుకోండి, ఇబ్బంది పడకండి.

హ్యామక్ అంటే చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఊయల, దానికి సరిపడా దూరంలో రెండు గట్టి చెట్లు కావాలి, గండికోట బండ మీద అవెక్కడ దొరుకుతాయి? పైగా కింద నుంచి గాలి తగిలి వీపు చల్లబడిపోతుంది. తోట క్యాంపుల్లో మధ్యాహ్నం నిద్రకి బాగుంటుంది, అంతే.

టెంటుల్లో కూడా తేడా ఉంది. విసిరితే టక్కున విచ్చుకునే గుండ్రటి టెంటు చూడ్డానికి సులువు, కానీ ముడిచాక పెద్ద చక్రమంత ఉంటుంది, బ్యాగుకి కట్టుకుని నడవలేరు, బస్సులో ఇబ్బంది. రెండు కడ్డీలు అడ్డంగా వంచి నిలబెట్టే డోమ్ టెంటు తీసుకోండి, ఇద్దరు పట్టేది, ఎందుకంటే ఒక్కరు పట్టేదాంట్లో బ్యాగుకి చోటుండదు. ఇది మేకులు లేకపోయినా నిలబడుతుంది, కానీ నిలబడటం వేరు, గాలికి ఆగడం వేరు. బండ నేల మీద తాడుని రాయికి నేరుగా కట్టకండి, పొడుగాటి రాయికి చుట్టి దాని మీద ఇంకో బరువైన రాయి పెట్టండి, బ్యాగు లోపల గాలి వచ్చే వైపు మూలలో పెట్టండి. నేను చేయనిది ఇదే. మొదటిసారికి కొనాలా అద్దెకి తేవాలా అంటే అద్దెకే తెచ్చుకోండి, కానీ ఇంటికి తెచ్చి ఒకసారి వేసి చూడండి, కడ్డీ విరిగి ఉందా, జిప్పు పడుతోందా అన్నది అక్కడే తెలియాలి. చోటు దగ్గర స్థానికులే వేసి ఇచ్చే టెంటు ఇంకా సులువు, ఒంటరిగా ఉండటం మాత్రమే పరీక్షించుకోవాలనుకుంటే అది తప్పేమీ కాదు.

స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు అట్ట మీద అది ఎంత చలిదాకా పనికొస్తుందో చెప్పే కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలుంటాయి. అమ్మేవాళ్లు తక్కువ అంకె చూపిస్తారు, మీరు కంఫర్ట్ అంకె మాత్రమే చూడండి, ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్రపట్టే చలి కాదు, ప్రాణం మిగిలే చలి. అనంతగిరికి, గండికోటకి శీతాకాలంలో కంఫర్ట్ 10 డిగ్రీలున్నది చాలు, పాడేరు వైపుకి 5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలి. ఇంట్లో ఉన్న రగ్గు తీసుకెళ్తే? వెచ్చగానే ఉంటుంది, కానీ బ్యాగు సగం అదే తినేస్తుంది.

అసలు చలి పై నుంచి కాదు, నేల నుంచి వస్తుంది. ఒంటి కింద స్లీపింగ్ బ్యాగ్ నలిగిపోయి పల్చనైపోతుంది కాబట్టి కింద పరుపు లేకపోతే ఎంత ఖరీదైన బ్యాగూ దండగే. గాలి నింపే పరుపు మెత్తగా ఉంటుంది, చిన్నగా మడత పడుతుంది, కానీ మన దగ్గర నేల మీద సర్కారు తుమ్మ ముల్లు లేని చోటుందా? ఒక్కటి గుచ్చుకుంటే ఆ రాత్రి అయిపోయినట్టే. ఫోమ్ మ్యాట్ లావుగా బయటికి కనిపిస్తుంది, అయినా నా ఓటు దానికే, ముల్లు గుచ్చుకున్నా దానికేం కాదు.

నీళ్లు, తిండి, బరువు

సర్దిన బ్యాగు మొత్తం మీ ఒంటి బరువులో అయిదో వంతు దాటకుండా చూసుకోండి, అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు. లెక్క వేస్తే టెంటు రెండున్నర, స్లీపింగ్ బ్యాగ్ ఒకటిన్నర, మ్యాట్ అరకిలో, ఖాళీ బ్యాగు ఒకటిన్నర, తిండి ఒకటి, బట్టలూ మందులూ టార్చీ ఒకటి, ఎనిమిది అయ్యాయి. మిగిలిన నాలుగూ నీళ్లే, నాలుగు లీటర్లు. బరువు తగ్గించాలనిపిస్తే ఇంకేదైనా తీసేయండి, నీళ్లు మాత్రం తగ్గించకండి. బ్యాగు నలభై నుంచి యాభై లీటర్లది, నడుం బెల్టు గట్టిగా ఉన్నది తీసుకోండి, బరువు భుజాల మీద కాకుండా తుంటి మీద కూర్చోవాలి.

వాగు నీళ్లు వాడాల్సి వస్తే, మరిగించడమే నమ్మకమైనది, బుడగలు బాగా వచ్చాక ఒక నిమిషం, 2,000 మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు. క్లోరిన్ మాత్రలు తేలిక, కానీ అరగంట ఆగాలి, బురద నీళ్లయితే ముందు గుడ్డతో వడకట్టాలి. చేతి ఫిల్టర్లు బ్యాక్టీరియాని ఆపుతాయి గానీ మామూలు రకాలు వైరస్‌లని ఆపలేవు, ఊళ్ల పక్కన నీళ్లకి అది ఒక్కటే చాలదు. మొదటి రాత్రికి ఈ గొడవంతా ఎందుకు, ఇంటి నుంచి మోసుకెళ్లండి.

వంట సంగతీ అంతే. స్టవ్ మీద వేడివేడిగా నూడుల్స్ అంటే నాకూ ఇష్టమే, కానీ గ్యాస్ క్యానిస్టర్‌ని రైల్లో, విమానంలో తీసుకెళ్లడానికి లేదు, ఎండు గడ్డిలో నిప్పు ప్రమాదం, చలిగా ఉందని టెంటు లోపల వెలిగిస్తే విషవాయువు ఇంకా పెద్ద ప్రమాదం. పొద్దున్న కలిపిన చింతపండు పులిహోర రాత్రికి ఇంకా రుచిగా ఉంటుంది. దానితో పాటు ఎండు జొన్నరొట్టెలు, పల్లీల కారం, మర్నాటికి అటుకులు, పల్లీపట్టి, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పెరుగన్నం ఎండ రోజుల్లో పులిసిపోతుంది, వద్దు. వేడిగా ఏదైనా కావాలంటే ఫ్లాస్కులో టీ పోయించుకోండి, గండికోట ఊళ్లో అయితే అడిగితే పోస్తారు కూడా. రాత్రి ఎనిమిదింటికి ఒక్కరే కూర్చుని ఇంటి పులిహోర తింటుంటే ఎంత ధైర్యమొస్తుందో తిన్నవాళ్లకే తెలుస్తుంది.

బూట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇప్పటికే మీ కాలికి అలవాటైన, అడుగు అరగని స్పోర్ట్స్ షూలే కొత్త ట్రెక్కింగ్ బూట్ల కంటే మేలు.

ఫోన్, టార్చి, ఇల్లు

ఫోన్ టార్చి ఉంది కదా అనుకోకండి. టెంటు వేసేటప్పుడు రెండు చేతులూ కావాలి, పైగా ఆ వెలుగుకి ఖర్చయ్యే ఛార్జి మీరు ఎవరికైనా ఫోన్ చేయాల్సినప్పుడు ఉండదు. తలకి కట్టుకునే టార్చి ఒకటి, విడి సెల్స్ ఒక జత. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, అనుకున్న వేళకే ఆన్ చేయండి, ఆ ప్రాంతం మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ ఏ కంపెనీది అందుతుందో స్థానికుల్నే అడగండి, వాళ్లు వాడే సిమ్ ఒకటి తీసుకెళ్లడం అన్నిటికంటే చవకైన బీమా. 112 నెంబరు ఏ నెట్‌వర్క్ అందినా పనిచేస్తుంది.

ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది చాలామందికి టెంటు కంటే పెద్ద టెన్షన్. చెప్పకుండా వెళ్లడం తేలిక, చెప్పి వెళ్లడం కష్టం, నేను రెండూ చేశాను. చెప్పకుండా వెళ్లిన ఆ మొదటిసారి, ఒంటిగంటకి ఆ చీకట్లో నడుస్తూ, నేను ఎక్కడున్నానో ఈ లోకంలో ఒక్కరికీ తెలియదన్న ఆలోచన గాలి కంటే ఎక్కువ వణికించింది. అమ్మానాన్నలకి చెప్పలేకపోతే అక్కకో బావకో మేనమామకో, ఎవరికో ఒకరికి చెప్పండి, "ట్రెక్కుకి వెళ్తున్నా" అని కాదు, కాగితం మీద రాసివ్వండి: ఏ బస్సు, ఎక్కడ టెంటు, ఊళ్లో ఎవరి ఫోన్ నెంబరు, రాత్రి ఎనిమిదికి ఒక మెసేజ్, పొద్దున్న ఏడుకి ఒక మెసేజ్, తొమ్మిదైనా రాకపోతే ముందు ఆ ఊళ్లో నెంబరుకి, ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేయాలని. రాసినప్పుడు వాళ్ల ముఖంలో కంగారు తగ్గడం మీకే కనిపిస్తుంది.

వెళ్లే ముందు వారం డాబా మీద టెంటు వేసి, అదే బ్యాగుతో, అదే పరుపు మీద, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక రాత్రి పడుకోండి. చిన్నప్పుడు వేసవిలో మనమంతా డాబా మీద పడుకున్నవాళ్లమే కదా. అర్ధరాత్రి ఏదో ఒకటి కావాలనిపించి కిందికి దిగుతారు, దుప్పటో, సాక్సో, దోమల క్రీమో. అలా ఎన్నిసార్లు దిగారో, దేనికోసం దిగారో రాసుకోండి, మీరు సర్దుకోవాల్సిన జాబితా అదే.